పెద్ద పైపు నోట్లో మట్టి

మొక్కజొన్న మోకాలి ఎత్తు లేచింది. మరో చోట ఇదొక సంగతే కాదు. పల్లపక్క అని అందరూ పిలిచే ఆమె పొలంలో మాత్రం పెద్ద సంగతి. ఆ నేలలో పచ్చగా ఏదైనా లేచి ఎన్నేళ్ళయిందో ఆమె మొగుడు కూడా మరిచిపోయాడు. అన్నేళ్ళూ అక్కడ పండింది ఉప్పు. ఎండలు ముదిరితే నేల మీద సున్నం జల్లినట్టు తెల్లగా పేరుకునేది. కాలు పెడితే పైన కరకర, కింద బురద. ఆ ఉప్పు పొలంతో ఆగలేదు. గట్టు దాటి ఇంట్లోకి వచ్చింది. వంటగది గోడ నడుమెత్తు దాకా పెచ్చులూడిపోయి, లోపలి ఇటుక చేత్తో తాకితే పొడి రాలుతుంది. పెరట్లో కట్టేసిన మేక మెడ చాచి ఆ గోడనే నాకుతుంది. "మన ఇంట్లో కడుపు నిండేది దానికొక్కదానికే" అంటాడు మొగుడు. నవ్వించడానికే అంటాడు. ఎవరికీ నవ్వు రాదు.

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఉంది గానీ, అందరి పొలాలకన్నా పల్లంలో ఉన్న పొలం ఆమెది కాబట్టి అందరికీ పల్లపు అక్క, పల్లపక్కే. వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

మొగుడూ పెళ్ళాం ఒక మాట అనుకున్నారు. ఈ పంట చేతికొస్తే ఉంటారు. రాకపోతే పట్నం పోయి గిడ్డంగుల్లో మూటలు మోస్తారు. అతనికి నడుం ఇప్పటికే వంగింది. మూటల పనికి అలాంటి నడుం ఎన్నాళ్ళు ఆగుతుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ సంగతి మాట్లాడుకోలేదు. పోనీ పొలం అమ్ముదామంటే కొనే దిక్కు లేదు. ఇటుక బట్టీవాడిని అడిగితే, ఉప్పు మట్టి ఇటుకకు కూడా పనికిరాదని మొహం మీదే చెప్పి పంపాడు. అందుకని ఆ మోకాలెత్తు మొక్కజొన్న మీదే వాళ్ళ ఇల్లు నిలబడి ఉంది.

ఆ నేల పుట్టుకతో చౌడు కాదు. ఒకప్పుడు పల్లమే బంగారం. వాన నీళ్ళతో పై నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రంతా అక్కడే ఆగేది. అన్నదమ్ముల పంపకంలో తండ్రి ఆ పల్లాన్ని పెద్దకొడుక్కిచ్చాడు. రాళ్ళ మెరకను చిన్నకొడుకు మొహాన కొట్టాడు. చిన్నవాడు, అంటే పల్లపక్క మరిది, ఆ పంపకాన్ని ఒక్క రోజు కూడా మరవలేదు. తరవాత మెరకను ఆనుకుని కాలువ తవ్వారు. కాలువ నీళ్ళు తెస్తుందని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఊట తెస్తుందని ఒక్కడూ చెప్పలేదు. మెరక మీద పారించిన నీళ్ళు కిందికి ఇంకి, పల్లానికి చేరి, చేరి, వేళ్ళ దాకా పైకి లేచాయి. అడుగున ఎప్పటి నుంచో పడి ఉన్న ఉప్పును మోసుకుని మరీ లేచాయి. ఎండ వచ్చి నీటిని తాగేసి ఉప్పును అక్కడే వదిలేసింది. జరిగింది ఇంతే. ఇందులో దేవుడి శాపం లేదు, నేల తప్పు లేదు. తవ్వినవాడు సగం పని చేసి పోయాడు. నీళ్ళు తేవడం ఒక సగం. వాడుకోగా మిగిలిన నీళ్ళను బయటికి పంపడం రెండో సగం. ఆ రెండో సగానికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు ఎక్కడా ఉండరు, ఎందుకంటే అది నేల కింద ఉంటుంది, ఫొటోలో పడదు.

చివరికి ఆ రెండో సగం కూడా వచ్చింది. ఒక ఇంజనీరమ్మ యంత్రాన్ని తెచ్చి పొలాలన్నీ మనిషి లోతున చీల్చింది. చిల్లుల పైపులకు వడపోత గుడ్డ చుట్టి ఆ చీలికల్లో పరిచి మట్టి కప్పింది. ప్రతి పొలంలోనూ పిల్ల పైపులు. అవన్నీ పెద్ద పైపులో కలుస్తాయి. పెద్ద పైపు మెరక నుంచి ఒక్కో పొలం కిందుగా దిగుతూ వచ్చి, పల్లంలో సంపులో పడుతుంది. సంపులో చేరిన ఉప్పు నీళ్ళను మోటారు ఎత్తి, దూరంగా పోయే మురుగు కాలువలో పోస్తుంది. గట్టు గట్టుకీ పెద్ద పైపు దారిలో మనిషి దిగేటంత సిమెంటు రింగుల తొట్టి, మీద మూత. పొలంలో మంచి నీళ్ళు నిలగడితే ఉప్పు కరిగి దిగుతుంది, పైపు దాన్ని లాక్కుపోతుంది. చెమట చొక్కాను నానబెట్టి పిండినట్టే. ఒక్క పిండుకు వదలదు. పై పొలాలకు ముందు వదులుతుంది, పల్లానికి అందరికన్నా ఆఖరున వదులుతుంది.

సంపుకి చోటు కావాల్సి వచ్చినప్పుడు అందరూ పల్లపక్క ఇంటికే వచ్చారు. నీళ్ళు పల్లానికేగా చేరేది, సంపు అక్కడే ఉండాలి. మూల ముక్క ఇవ్వమని మరిది చాలా తియ్యగా అడిగాడు. పైపుల సంఘానికి పెద్ద అతనే. మొగుడు తల ఊపాడు. పల్లపక్క మాత్రం ఇంజనీరమ్మ వైపు తిరిగి, మోటారు ఆగితే ఏమవుతుందని అడిగింది.

"ఆగకూడదమ్మా" అంది ఇంజనీరమ్మ. "ఆగితే ఈ పైపులే అందరి నీళ్ళూ తెచ్చి మీ పొలంలో పోస్తాయి. అప్పుడు మీ పొలమే సంపు."

ఈ మాట అక్కడున్న అందరూ విన్నారు. ఎవరూ వినలేదనడానికి లేదు. ఆగదని మరిది అందరి తరఫునా గట్టిగా చెప్పాడు. అది కూడా అందరూ విన్నారు.

ఆ పొలాల వాళ్ళకు ఏదైనా వంతుల మీదే నడుస్తుంది. కాలువ నీటికి వంతు, పురుగు మందు కొట్టే పంపుకు వంతు, చివరికి ఎలుకల బోనుకు కూడా వంతే. మోటారుకూ అదే పెట్టుకున్నారు. షెడ్డు తాళంచెవి ఇల్లిల్లూ నడుస్తుంది. ఎవరి గుమ్మం మేకుకు తాళంచెవి ఉంటే ఆ రోజు మోటారు వాళ్ళది. పొద్దున్నే తెరవాలి. సంపు అడుగు కనిపించేదాకా తోడాలి. పొద్దు గూకే లోపల తాళంచెవిని పక్కింటి మేకుకు తగిలించాలి. ఇందులో ఒక పట్టింపు ఉంది, ముత్తాతల నుంచి వస్తున్నది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండగా ఏం జరిగినా అది వాళ్ళదే. చెడినా, కాలినా, దొంగలెత్తుకుపోయినా. సాకులు లేవు, అడగడాలు లేవు. వంతు తిరుగుతున్నంత కాలం అది న్యాయంగానే ఉంటుంది.

రెండు మూడు పంట కాలాలకు పై పొలాలు తేరుకున్నాయి. మరిది తోటలో కాయగూరలు గంపలకెత్తారు. ఇక ఏరు దాటాక తెప్ప తగలేయడం మొదలైంది. జబ్బు తగ్గాక మందెందుకని ఒకరన్నారు. విత్తనాల కొట్టు ముందు బస్తాల మీద కూచుని మరిది ఇంకో ముక్క కలిపాడు. కాలువ నీటి వంతు కోసం ఒకళ్ళ గొంతులు ఒకళ్ళు పట్టుకుంటున్నాం, ఇక్కడేమో ఆ నీళ్ళనే మోటారు పెట్టి తోడి మురుగులో పోస్తున్నాం, మనకేమైనా తిక్కా అన్నాడు. నిజమే సుమా అన్నారు అందరూ. మోటారు తోడని రోజుల్లో తమ నేల చెమ్మగా ఉంటుందని, ఒక తడి కలిసొస్తుందని వాళ్ళు అప్పటికే కనిపెట్టారు. ఒక పంట కాలం అది లాభంగానే కనిపిస్తుంది. ఆ చెమ్మ ఎండిన చోట ఏం మిగులుతుందో వాళ్ళందరూ కళ్ళారా చూసినవాళ్ళే. చూసినవాళ్ళే మరిచారు. మరుపు కూడా మెరక మీదే ముందు మొలుస్తుంది.

తాళంచెవి గబగబా నడవడం మొదలుపెట్టింది. ఒక మేకు నుంచి ఇంకో మేకుకు, షెడ్డు మొహం చూడకుండా, మధ్యాహ్నానికే మూడు గుమ్మాలు దాటి పల్లపక్క ఇంటికి వచ్చేసేది. వంతు తప్పని మనిషి ఒక్కడే, పిచ్చుక. ఆమె పొలానికి సరిగ్గా పైన ఉన్న ముక్కను కౌలుకు చేస్తాడు. సన్నటి కాళ్ళతో గట్ల మీద ఎగిరెగిరి నడుస్తాడని ఆ పేరు. అతని టమాటా చేను అప్పుడప్పుడే పచ్చబడుతోంది.

పల్లపక్క విత్తనాల కొట్టు దగ్గరికి పోయి నిలబడి అడిగింది. మొగుడిని పంపితే పని కాదని ఆమెకు తెలుసు. తమ్ముడి ముందు అతనికి నోరు పెగలదు. వంతు ఎవరు ఎన్నిసార్లు ఎగ్గొట్టారో ఆమె ఇంటిపేర్లతో సహా చెబుతుంటే కొందరు బస్తాల మీద నుంచి లేచి వెళ్ళిపోయారు. మరిది మాత్రం ఓపిగ్గా విన్నాడు. తరవాత జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆ రోజు వంతు అతనిదే.

"నీ దగ్గరే ఉంచుకో వదినా. మోటారు నీ పొలంలోనే ఉంది, నీ గుమ్మంలోంచి చూస్తే కనిపిస్తుంది. ఇంత దూరం మేం రావడమే దండగ."

అక్కడున్న మొహాలన్నీ విప్పారాయి. పల్లపక్క తాళంచెవి తీసుకుంది. ఇక ఎవరినీ బతిమాలక్కర్లేదని గుండె బరువు దిగింది. గెలిచాననుకుంది కూడా. పిచ్చుక దారిలో ఆమె వెంట పడి, తీసుకోకుండా ఉండాల్సిందన్నాడు. ఎందుకని కసిరింది.

"వంతు ఒకరి దగ్గరే ఆగిపోతే దాన్ని వంతనరక్కా. ఊడిగం అంటారు."

"నీకేం, నీ చేను తేరుకుంది. నా చేను ఇంకా ఉప్పు కక్కుతోంది."

పిచ్చుక తన గట్టు మీదికి మళ్ళిపోయాడు.

ఆమె రోజూ తోడింది. ఇంకో మాటు పొలంలో నీళ్ళు నిలగట్టి కడిగింది. నాలుక మీద సంపు నీళ్ళ చుక్క వేసుకుని, మొదట్లో ఉన్నంత చేదు లేదని మొగుడికి చెప్పింది. అతను కూడా వేసుకుని చూసి ఔనన్నాడు. అప్పుడే మొక్కజొన్న వేశారు. మొలకలు వరసల్లో లేచిన రోజు అతను పొలం మధ్యకు పోయి ఊరికే నిలబడ్డాడు. ఏం చేస్తున్నావని అడిగితే, ఏం లేదు, కాళ్ళకు బురద అంటడం లేదు అన్నాడు.

మొక్కలు మోకాలెత్తుకొచ్చిన వేళకు కాలువ నిండుగా వదిలారు. పైన అందరూ ఒకేసారి పొలాల్లోకి నీళ్ళు మళ్ళే మడవలు తెరిచారు. సంపు ఎంత తోడినా అడుగు కనిపించలేదు. మోటారు ఆగకుండా తిరిగి, తిరిగి, ఒక మధ్యాహ్నం షెడ్డంతా మాడు వాసన వచ్చి నిలిచిపోయింది. మెకానిక్ వచ్చి విప్పి, లోపల కాయిల్ బొగ్గయిందని, దీన్ని మళ్ళీ చుట్టినా ఈ పోటుకు ఆగదని, పెద్దది వేసుకోమని చెప్పి చేతులు తుడుచుకున్నాడు.

మొగుడూ పెళ్ళాం మరిది ఇంటికి పోయారు. వరండాలో బెండకాయలు ఏరి గంపలకు ఎత్తుతున్నారు. తోటికోడలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, కూచోమని పీట వేసింది. మర్యాదకేం లోటు లేదు. మోటారు సంఘానిది కాబట్టి సంఘమే వేయించాలని పల్లపక్క చెప్పింది. మరిది ఒక ముదురు కాయను విరిచి చూసి పక్కన పారేశాడు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది వదినా?"

ఆ పట్టింపు ఆమెకూ తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. అప్పుడు మొగుడు నోరు విప్పాడు. తమ్ముడి ముందు అతను గొంతెత్తడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"అందరి నీళ్ళూ తోడితేనే కదరా అది కాలింది."

"నాన్న పల్లం నీకిచ్చిన రోజున, అది అందరిదీ అన్నయ్యా అని నేనడిగానా?" అన్నాడు మరిది. కేకలు వేయలేదు. ఆ మాట లోపల నాని నాని మెత్తబడిపోయి ఉంది. "పంట ఎత్తాక అందరం కూచుని చూద్దాంలే."

ఎవరి పంట ఎత్తాకో చెప్పలేదు. వచ్చేటప్పుడు తోటికోడలు సంచీలో బెండకాయలు పోసి ఇచ్చింది. పల్లపక్క వాటిని దారిలో గట్టు మీద పెట్టి వచ్చేసింది.

ఇంజనీరమ్మకు ఫోన్ చేస్తే ఆమెను వేరే పనికి మార్చేశారని తెలిసింది. ఆ కుర్చీలో కూచున్న కొత్తాయన, పైపులు సంఘానికి అప్పగించేశామని, సంఘం పెద్దతో మాట్లాడుకోమని చెప్పాడు. సంఘం పెద్ద ఎవరో ఆయన కాగితం చూసి మరీ చెప్పాడు. ఇలా గుండ్రంగా తిరిగే దారులు వేయడంలో కార్యాలయాల వాళ్ళంత పనిమంతులు లేరు.

సంపులో నీళ్ళు లేస్తున్నాయి. ముందు పెద్ద పైపు నోరు సగం మునిగింది, తరవాత పూర్తిగా మునిగింది, తరవాత పై రింగు తడిసింది. ఇద్దరూ తాడు కట్టిన బకెట్లతో తోడారు. అరచేతులు చీరుకుపోయాయి. తోడినంతా మళ్ళీ వచ్చేది, ఎందుకంటే తోడుతున్నది తమ నీళ్ళు కాదు. పైన ఎక్కడో ఒకడు మడవ తెరిచి నీడన కూచుంటాడు, ఆ మడవ ఇక్కడ బకెట్లో తేలుతుంది. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. నీరు పల్లమెరుగన్నంత వరకు సామెత కరెక్టే.

మొక్కజొన్న కింది ఆకుల కొసలు పసుపెక్కాయి. ఆమె ఒక ఆకును రెండు వేళ్ళ మధ్య జరిపి చూసింది. కొస దగ్గర పెళుసుగా విరిగింది. ఆ మధ్యాహ్నమే ఆమె గోనె సంచుల్లోకి బంకమట్టి ఎత్తడం మొదలుపెట్టింది.

ఏం చేయబోతోందో మొగుడికి అర్థమైంది. వద్దన్నాడు. అది మా తమ్ముడి పొలం నీళ్ళు, అడ్డం కడితే వాడి పొలం పోతుందన్నాడు. పోనీ అంది. అతను పార పట్టుకుని కాసేపు నిలబడి, పార అక్కడే వదిలి ఇంట్లోకి పోయాడు. వద్దని పట్టి లాగలేదు, సాయానికీ రాలేదు. అతని బతుకంతా అలాగే గడిచింది.

నీళ్ళు వెనక్కి ఎక్కి మరిది తోట దాకా పోతాయని పల్లపక్క తనకు తాను చెప్పుకుంది. నీళ్ళు మెరక ఎక్కవని పసిపిల్లలకు కూడా తెలుసు. ఒళ్ళు మండిన మనిషికి తెలియదు. మధ్యలో పిచ్చుక చేను ఉందని గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చినా, ఎన్నాళ్ళులే అనుకుంది. మరిది పరుగెత్తుకొస్తాడు, మోటారు వేయిస్తాడు, వెంటనే అడ్డం లాగేస్తే సరి. పిచ్చుకకు ముందే చెబితే వద్దంటాడు. అందుకే చెప్పలేదు.

అందరూ భోజనాలకు పోయిన వేళ ఆమె రెండు పొలాల మధ్య గట్టు మీది తొట్టి మూత జరిపి లోపలికి దిగింది. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. చల్లగా, నూనె పట్టినట్టు జిగురుగా ఉన్నాయి. తన పొలం వైపు పోయే పైపు నోటిని కాలితో వెతికింది. కాలి మడమను లాగుతున్న ధార తగిలింది. సంచిని మడిచి ఆ నోట్లో పెట్టి రెండు కాళ్ళతో తొక్కింది. ధారే సాయం చేసింది, సంచిని లోపలికి పీల్చుకుంది. ఇంకో సంచి తొక్కింది. లాగడం ఆగింది. నీళ్ళలో నిలబడి ఊపిరి పీల్చుకుంది. చాలా రోజుల తరవాత ఆమెకు ఆకలేసింది.

సంపు దిగింది. బకెట్లతో తోడితే ఇప్పుడు తోడినంత తగ్గింది. పొలం బిగిసింది. నాలుగైదు రోజులకు కొత్త ఆకులు కొసలు మాడకుండా వచ్చాయి. మొగుడు బకెట్ తాడు లాగుతూ ఏదో పాత పాట కూనిరాగం తీశాడు. పైపులో పెట్టిన అడ్డం సంగతి ఇద్దరూ ఎత్తలేదు. పై గట్టు వైపు చూడలేదు. మరిది రాలేదు.

పిచ్చుక వచ్చాడు. ఆ రోజు ఎగరకుండా మామూలుగా నడిచి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. గుమ్మంలో కూచోమంటే కూచోలేదు.

"నేనెప్పుడన్నా వంతు తప్పానా అక్కా?"

"లేదు."

"చేనంతా నీళ్ళూరింది. టమాటాలు నిలబడ్డవి నిలబడ్డట్టే వడిలిపోతున్నాయి. పైపు పూడిందేమోనని తొట్టి మూత తీశాను. తొట్టి అంచుకు గోనె పీచు, బంకమట్టి అంటి ఉన్నాయి."

ఆమె ఇంకొక్క రెండు రోజులు ఓపిక పట్టమంది. మరిది దిగొస్తాడంది. తను అంటున్న మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది.

"ఆయన రాడు. ఆయన తొట్టిలోకి కూడా తొంగిచూసి వచ్చాను. పొడిగా ఉంది. సాలీడు గూడు కట్టింది."

పల్లపక్క లేచింది. ఇనుప కొక్కెం, తాడు తీసుకుంది. మొగుడు ఎదురొచ్చి, అడ్డం తీస్తే మన చేను పోతుందే అన్నాడు. తెలుసంది. తెలిసే లేచింది. ఆ ఒక్క పని ఆమె ఎవరూ అడగకుండా చేసింది. చేయడానికి ఆలస్యమైంది, అంతే.

తొట్టి నిండా నీళ్ళు. అడ్డం పెట్టినప్పుడు ఛాతీ దాకా ఉన్నవి ఇప్పుడు తల మీదుగా ఉన్నాయి. పిచ్చుక నడుముకు తాడు కట్టుకుని మునిగాడు. తేలి, సంచులు పైపు నోటి దగ్గర లేవన్నాడు. పైనున్న నీళ్ళ బరువు వాటిని పైపులోకి మూరెడు లోపలికి నెట్టేసింది. కొక్కెం తీసుకుని మళ్ళీ మునిగాడు. ఆమె గట్టు మీద తాడు పట్టుకుని లాగింది. ఏదో కదిలింది, బరువుగా వచ్చింది, చటుక్కున తేలికైపోయింది. పిచ్చుక చేతిలో చినిగిన గోనె పీలికతో పైకి వచ్చాడు. మట్టి రాలేదు. సంచులు పగిలి బంకమట్టి అంతా పైపులో ముందుకు జారింది. ఇద్దరూ తొట్టి మూతి దగ్గర నీళ్ళను చూస్తూ కూచున్నారు. అవి కాసేపు సుడి తిరిగి, కొద్దిగా దిగి, మళ్ళీ నిలిచిపోయాయి. అడ్డం ఇప్పుడు పల్లపక్క పొలం నడుమ, ఎక్కడో, మనిషి లోతున బిగిసింది. ఇక పిచ్చుక చేను నీళ్ళు పోవు. అడ్డానికి ఎగువన, ఆమె మొక్కజొన్నలో సగం కింద ఉన్న పిల్ల పైపులు కూడా ఆ నీళ్ళనే తాగుతాయి, ఆమె నేలలోనే కక్కుతాయి.

తవ్వారు. పైపు ఎక్కడ పూడిందో తెలియదు, అయినా తవ్వారు. మొగుడు కూడా వచ్చి దిగాడు. మొక్కజొన్న వరసలను తామే తొక్కుకుంటూ తవ్వారు. నడుం లోతు పోయేసరికి నీళ్ళు ఊరాయి, పక్కల మట్టి జారి గుంట పూడింది. ఇంకో చోట మొదలుపెట్టారు, అదీ జారింది. యంత్రం చేసే పనిని, నేల ఎండి ఉన్నప్పుడు చేసే పనిని, ముగ్గురు మనుషులు పారలతో బురదలో చేస్తున్నారు. రెండో రోజు పై పొలాల వాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. మరిది కూడా వచ్చాడు. పైపులో మట్టి ఎలా వచ్చిందని అడిగాడు. ముగ్గురూ తవ్వుతూనే ఉన్నారు. ఈ పైపులే దండగ పని అని నేను ముందే అన్నాను కదా అని పక్కవాడితో చెప్పాడు. అతను ఎన్నడూ అనలేదు. అయినా పక్కవాడు ఔనన్నాడు. ఒక్కడు కూడా పార పట్టి దిగలేదు.

ఈ కాలం పిచ్చుక చేను, వచ్చే కాలం దాని పైది, ఆ పై కాలం ఆ పైది. ఊట ఒక్కో గట్టే ఎక్కుతుంది. మరిది వంతు అందరికన్నా చివర, కానీ వస్తుంది. ఈ మాట చెప్పి కొందరు పల్లంలో ఉన్నవాళ్ళను ఓదారుస్తారు. దానితో ఒక్క కంకి కూడా గింజ పట్టదు.

మూడో గుంట కూలినప్పుడు పిచ్చుక పారను గట్టు మీదికి విసిరి కూచున్నాడు. పల్లపక్క దగ్గరికి పోయింది.

"నా మీద కోపంగా ఉందా తమ్ముడూ?"

అతను కాళ్ళకంటిన బురద గోక్కున్నాడు.

"ఉందక్కా. మెరక వాళ్ళ మీద ఉండాలని తెలుసు. రాత్రీ పగలూ అదే అనుకుంటున్నాను. కానీ నీ మీదే ఉంది."

ఆమె తల ఊపింది. అందులో అతని తప్పేం కనిపించలేదు.

మొక్కజొన్న పూత దశకు రాకముందే పై నుంచి కింది దాకా గడ్డి రంగుకు తిరిగింది. టమాటా చేను అంతకు ముందే పోయింది. పిచ్చుక కౌలు వదిలేశాడు. మొగుడు చుట్టాల ద్వారా పట్నంలో గిడ్డంగి పని మాట్లాడుకున్నాడు. అక్కడ ఇంకొకళ్ళకు కూడా చోటుందని పల్లపక్క పిచ్చుక పెళ్ళానికి కబురు పంపింది. అటు నుంచి జవాబు రాలేదు.

పట్నం పోయే లారీ కాలువ వంతెన దగ్గర ఆగుతుంది. మొగుడూ పెళ్ళాం మూటలతో అక్కడికి చేరేసరికి పిచ్చుకా పెళ్ళామూ అప్పటికే ఎక్కి ఓ మూల కూచుని ఉన్నారు. ఇంకో గిడ్డంగి దొరికిందట. వీళ్ళు ఎక్కి మిగిలిన మూలలో కూచున్నారు. లారీ నిండా గంపలు, మరిది తోట నుంచి పట్నం పోతున్న బెండకాయలవి. మధ్యలో అవి ఉండటం వల్ల ఒకళ్ళ మొహాలు ఒకళ్ళకు కనిపించలేదు.

క్లీనర్ వెనక తలుపు బిగించబోతూ ఆగాడు. ఎవరు ఎక్కడ దిగాలో అతనికి తెలియాలి.

"మీరంతా ఒకటేనా?"

"కాదు" అన్నాడు పిచ్చుక.

క్లీనర్ పల్లపక్క వైపు చూశాడు. ఆమె మూటను ఒళ్ళోకి లాక్కుని, కాదని తల అడ్డంగా ఊపింది.